మగ్గం ఆగిన పూట

ఆన్‌లైన్ పరీక్ష రాసే గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, చప్పుడు వినపడకూడదు. విజయవాడ భవానీపురం హాస్టల్లో గదికి నలుగురు. అందుకే శ్రీదుర్గ ల్యాప్‌టాప్ పట్టుకుని చల్లపల్లి దగ్గరున్న తమ ఊరికి వచ్చింది. క్లౌడ్ కంప్యూటింగ్ సర్టిఫికేషన్‌కు ఇది మూడో ప్రయత్నం. ఈసారీ పోతే ఉద్యోగంలో ఉంచుకునేది లేదని ఆఫీసులో చెప్పేశారు.

ఇంట్లో తలుపు వేసుకోగల గది మగ్గం గది ఒక్కటే. ఆమె కోసం నాన్న కోటిలింగం ఆ పూట నేత ఆపేశాడు. ఎర్ర అంచు తెల్ల చీర సగం పైగా నేసి మగ్గం మీదే ఉంది.

ముసురు ఆ ఉదయమే కాస్త తెరిపిచ్చింది. పొలాల మురుగునీటిని సముద్రానికి మోసే డ్రెయిన్ ఎందుకు పొంగుతోందని అరుగు మీద నాన్న, బాబాయి దుర్గాశంకర్ పాత వాదనలో పడ్డారు.

"సముద్రం పెరుగుతోందిరా. డ్రెయిన్లో నీళ్లని కిందికి పోనివ్వకుండా ఎనక్కి తోసేస్తంది."

"సముద్రమూ లేదు, కాకరకాయా లేదు అన్నయ్యా! డ్రెయిన్లో గుర్రపుడెక్క తీసి ఎన్నేళ్లయింది? అది తియ్యరు గానీ, వాతావరణం మారిందని టీవీలో చెప్తే నమ్మేస్తావు."

"రెండూ నిజమే బాబాయ్," అంది శ్రీదుర్గ గుమ్మంలోంచి. "గుర్రపుడెక్క ఎప్పుడూ ఉండేదే. పోటు నీళ్లు ఇంత పైకి రావడమే కొత్త."

"నీకింకా సర్టిఫికెట్ రాలేదు కదమ్మా! వచ్చాక చెబుదువులే."

ఆమె తలుపు వేసుకుంది.

కెమెరా ముందు తల తిప్పకూడదు. ప్రశ్న చదువుతూ పెదవులు కదిపినందుకు మొదట్లోనే హెచ్చరిక వచ్చింది. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు. నాలుగూ పనిచేసేవే. వాటిలో అన్నిటికన్నా మంచిది ఎంచుకోవాలి. దేనికి మంచిదన్నది ప్రశ్నలో ఎక్కడో ఒక్క మాటలో ఉంటుంది. ఇంతకు ముందు రెండుసార్లూ ఆ మాట ఆమెకు చిక్కలేదు. ఇవాళ చిక్కుతోంది.

ల్యాప్‌టాప్ మీదుగా మగ్గం గుంట కనిపిస్తోంది. నాన్న కాళ్లు పెట్టి చెక్కలు తొక్కే గుంట. అందులో చెక్కలు కనబడడం లేదని ఆమె ఆలస్యంగా గమనించింది. అడుగు నుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఈ ఇంట్లో నీళ్ల సంగతి ముందు నాన్న పాదాలకే తెలిసేది. ఈ పూట గుంటలో ఎవరి కాళ్లూ లేవు.

ఇంకా కొన్ని ప్రశ్నలే. నీళ్లు పైదాకా వస్తే నేసిన చీర చుట్టిన దుంగ తడుస్తుంది. ఎరుపు తెలుపులోకి దిగుతుంది. ఆమె ఒక జవాబు నొక్కింది. ఇంకొకటి నొక్కింది. తర్వాతి ప్రశ్న రెండుసార్లు చదివినా తలకెక్కలేదు.

"నాన్నా! గుంట నిండిపోతోంది!"

తెర మీద ప్రశ్న మాయమైంది. పరీక్ష రద్దయిందని ఒక్క వాక్యం మిగిలింది.

అన్నదమ్ములిద్దరూ పరుగెత్తుకొచ్చి దుంగను చెరోవైపు ఎత్తి కింద ఇటుకలు పేర్చారు. అప్పటికే చీరలో జానెడు మేర ఎరుపు పాకింది. నాన్న దాన్ని వేళ్లతో అద్ది చూశాడు. బాబాయి బకెట్‌తో నీళ్లు తోడుతూ, "డ్రెయిన్ బాగుంటే ఇంత..." అని మొదలుపెట్టాడు.

"నోరు ముయ్యరా. పిల్ల పరీక్షలో ఉంది."

గుంట సగానికి తగ్గాక ఇద్దరూ బయటికి నడిచారు. నాన్న గుమ్మం దగ్గర ఆగాడు.

"కూర్చోమ్మా, రాసుకో. ఇంక అలికిడి చెయ్యంలే."

చెబుదామని ఆమె నోరు తెరిచింది. నాన్న చేతులకు ఎర్రరంగు ఇంకా అంటుకునే ఉంది. ఆమె తలూపి, తెర ముందు కూర్చుంది.

తలుపు మెల్లగా మూసుకుంది. అవతల సముద్రమా, డ్రెయినా అని వాళ్లు గుసగుసగా వాదించుకుంటున్నారు.