గోలు ముందు నీడ

సాయంత్రం అయిదయ్యేసరికి అమలమ్మ బండి మీద నూనె కాగుతుంది. మొదటి వాయి పునుగులు మూకుట్లో పైకి తేలే వేళకి కాలవగట్టు గ్రౌండు పక్కనున్న సిమెంటు బల్ల మీద ముగ్గురు మనుషులు వచ్చి కూర్చుంటారు. ముగ్గురిలో ఒక్కరూ జన్మలో బంతిని సరిగ్గా తన్నిన పాపాన పోలేదు. అయినా ఫుట్‌బాల్ గురించి వాళ్ళకి తెలియని సంగతంటూ లేదు.

బల్లకి ఈ చివర రత్తయ్య. బందరు కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు లస్కరుగా చేసి రిటైరయ్యాడు. షట్టర్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. ఆ చివర మాణిక్యం, ఫ్లెక్సీలు అచ్చేసే షాపు ఆయనది, కాలవగట్టు క్లబ్బుకి కార్యదర్శి కూడా. మధ్యలో చక్రి. బెంజ్ సర్కిల్లో సెల్‌ఫోన్ల షాపులో పని, వయసు పాతికేళ్ళు. ప్రపంచంలో ఏ జట్టు ఎన్ని గోల్సు కొట్టిందో అతని ఫోన్‌లో ఉంటుంది.

కాలవగట్టు క్లబ్బులో అభిమానులే కమిటీ. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని తీసెయ్యాలి అన్నది అయిదుగురు కూర్చుని చేతులెత్తి తేలుస్తారు. ఆ ఏడాది ఇద్దరు డిఫెండర్లని రిలీజ్ చేశారు. ఒకడు ఫిన్నీ. అతను సరేనని షూస్ సంచిలో వేసుకుని, నీడని వెంటబెట్టుకుని వెళ్ళి జిమ్‌లో ట్రైనర్‌గా చేరిపోయాడు. రెండోవాడు పీరు. ఆటోనగర్లో మోటార్ వైండింగ్ మెకానిక్. పద్నాలుగేళ్ళు గోలు ముందు నిలబడ్డ మనిషి. అతనూ వెళ్ళిపోయాడు గానీ, అతని నీడ వెళ్ళలేదు.

ఆ నీడ గోలు ముందు అడ్డంగా, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషిలాగా పడుకుని ఉంది. ఎండొచ్చినా, మబ్బేసినా అక్కడే. సున్నం గీతలు గీసే మనిషి దాని చుట్టూ జాగ్రత్తగా తిరిగి గీసేవాడు. ఒక మ్యాచ్‌లో రెఫరీ రూల్సు పుస్తకం తిరగేసి, పన్నెండో మనిషి ఉండకూడదని రాసుంది గానీ నీడ ఊసు లేదని చెప్పి ఈల ఊదేశాడు.

మొదటిసారి మైలవరం జట్టుకి అనుభవమైంది. వాళ్ళ ఫార్వర్డ్ ఇద్దర్ని తప్పించుకుని, గోల్‌కీపర్ని కూడా పడగొట్టి, ఖాళీ గోలు ముందుకొచ్చాడు. ఊపులో నీడ మీదుగా దాటేశాడు. దాటిన క్షణంలోనే నాలుక కరుచుకున్నాడు. పడుకున్న మనిషిని దాటకూడదు కదా, దాటితే మళ్ళీ వెనక్కి దాటాలి, లేకపోతే ఆ మనిషి ఎదగడు. పీరుకి ముప్పై అయిదేళ్ళు, ఇంకేం ఎదుగుతాడని ఎవరైనా అడగొచ్చు. కానీ ఇంట్లో అమ్మ నేర్పింది వయసు చూసి పని చెయ్యదు. ఆ కుర్రాడు బంతిని వదిలేసి వెనక్కి దాటాడు. ఈలోగా గోల్‌కీపర్ లేచి బంతిని కాలవలోకి తన్నాడు. మ్యాచ్ అయ్యాక మైలవరం కోచ్ అతన్ని చెడామడా తిట్టాడు, వెనక్కి దాటినందుకు కాదు, అసలు దాటినందుకు.

తర్వాతి జట్లు దాటడం మానేశాయి. దూరం నుంచి కొడదామన్నా, పడుకున్న మనిషి మీదుగా బంతి తన్నడానికి కాలొచ్చేది కాదు. కొట్టినా మెత్తగా కొట్టేవాళ్ళు.

"చూశారా రత్తయ్య గారూ," అన్నాడు చక్రి, ఆ శనివారం సాయంత్రం పునుగుని చట్నీలో ముంచుతూ. "ఇద్దరు డిఫెండర్లని తీసేసి ఇద్దరు ఫార్వర్డ్లని తెచ్చాం. ఆరు మ్యాచుల్లో పదకొండు గోల్సు. నేను చెప్పానా, లేదా?"

"కొట్టినవి సరే. మనకి పడ్డవి ఎన్ని?"

"ఆ గోల్లో అయితే సున్నా."

"ఆ సున్నా ఎవడిదిరా?"

చక్రి రెండో పునుగు నోట్లో పెట్టుకున్నాడు. నోట్లో పునుగుంటే జవాబు చెప్పక్కర్లేదు.

"నీళ్ళు వదలడానికి ఏముంది, ఎవడైనా వదుల్తాడు," అన్నాడు రత్తయ్య. "ఆపడమే పని. ముప్పై ఏళ్ళు చేశాను, నాకు తెలుసు. షట్టరు దించినవాణ్ణి ఏ రైతూ మెచ్చుకోడు."

"మరి అంత తెలిసినవారు చెయ్యెందుకెత్తారండీ?" అన్నాడు మాణిక్యం. వెటకారానికి కాదు, మామూలుగానే అడిగాడు. అందుకే రత్తయ్యకి ఎక్కువ గుచ్చుకుంది.

పీరుని తీసెయ్యాలా వద్దా అని కమిటీ కూర్చున్న రోజు ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. అయిదో చెయ్యి రత్తయ్యది. పీరుని పద్నాలుగేళ్ళ కింద ఈ గ్రౌండుకి తెచ్చింది అతనే. పీరంటే అతనికి ఎంత ప్రేమో అందరికీ తెలుసు. "రత్తయ్య గారు వాళ్ళ మనిషిని వదులుకోరులెండి" అని ఎవరో నవ్వారు కూడా. ఆ మాటకి రత్తయ్య బిగుసుకుపోయాడు. తన మనిషిని వెనకేసుకొస్తున్నాడన్న మాట పడలేక, తన మనిషి మీదే చెయ్యెత్తాడు. మర్నాడు మాణిక్యం ఎవరెటు ఎత్తారో రాసి, కింద దండం పెట్టిన చేతుల బొమ్మతో, 'మీ సేవలకు ధన్యవాదాలు' అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతే. పీరు ముఖం చూసి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. రత్తయ్య ఆ తర్వాత ఆటోనగర్ వైపు వెళ్ళే బస్సే ఎక్కలేదు.

అలా ఉండగా జమాల్ బీ వచ్చింది. పీరు తల్లి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మడతపెట్టిన కాయితం. అమలమ్మ స్టూలు జరిపి కూర్చోమంది. ఆవిడ కూర్చోలేదు.

"రత్తయ్యన్నా, మావోడి నీడ ఇచ్చెయ్యండి," అంది.

ముగ్గురూ గ్రౌండు వైపు చూశారు. నీడ అటు తిరిగి పడుకుని ఉంది.

"మంగళగిరి వాళ్ళు ఆడమని కబురు చేశారు. పీరు వెళ్ళాడు. వాళ్ళు బాగానే మాట్లాడారు. కానీ నీడ లేకుండా ఫారం ఎట్టా నింపుతామండీ, సగం మనిషి మా దగ్గరే ఉన్నాడని రేపు మీ పాత క్లబ్బు వాళ్ళొస్తే ఏం చెప్పమంటారు, అన్నారంట. ఇదిగో ఫారం. రేపు పన్నెండింటికి ఆఖరు. ఇది పోతే ఈ వయసులో వాడ్ని ఇంకెవరు పిలుస్తారన్నా?"

"పీరే వచ్చి తీసుకెళ్ళొచ్చుగా," అన్నాడు మాణిక్యం.

"రెండుసార్లు వచ్చాడు బాబూ. పేరెట్టి పిలిచాడు. బతిమాలాడు. పక్కకి ఒత్తిగిల్లింది గానీ లేవలేదంట." ఆవిడ గొడుగు ముడుచుకుంది. "ఆట లేకపోతే వాడికి అన్నం సయించదు. సాయంత్రం అయ్యేసరికి మేడెక్కి ఇటు చూస్తా నిలబడతాడు. నీడ లేని మనిషిని ఎండలో చూళ్ళేకపోతున్నా. నేనే గొడుగు పట్టుకు తిరుగుతున్నా."

మాణిక్యం గొంతు సవరించుకున్నాడు. "ఒక్క రోజు ఆగండమ్మా. రేపు సాయంత్రం మనకి కప్పు సెమీఫైనలు. అది కానిచ్చి..."

"పన్నెండింటికి ఆఖరన్నా కదా బాబూ."

"రూల్ ప్రకారం చూస్తే," అన్నాడు చక్రి, "మనం రిలీజ్ చేసింది మనిషిని. నీడని చెయ్యలేదు. కాబట్టి నీడ ఇంకా క్లబ్బుదే."

రత్తయ్యకి కోపం వచ్చింది. చక్రి మీద కంటే తన మీద ఎక్కువ వచ్చింది. "మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, వాడి చెప్పులు మనం తొడుక్కుని తిరుగుతున్నాం. సిగ్గుండాలి మనకి," అన్నాడు.

"అదంతా నిజమే. కానీ లేవనంటోందిగా. మనం మాత్రం ఏం చేస్తాం?" అన్నాడు మాణిక్యం.

జమాల్ బీ రత్తయ్య ముఖంలోకి చూసింది. "నిలబెట్టినోళ్ళు లెమ్మనాలన్నా. నువ్వేగా నిలబెట్టావు."

అప్పుడు గుర్తొచ్చింది రత్తయ్యకి. ఇరవయ్యొక్కేళ్ళ పీరు గ్రౌండంతా బంతి వెనకాల పిచ్చిపట్టినట్టు పరిగెత్తేవాడు. ఒకరోజు రత్తయ్య అతన్ని భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి గోలు ముందు నిలబెట్టాడు. 'నేను చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలకు' అన్నాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిన అవసరం రాలేదు. అవసరం వచ్చిన రోజున తను నోరు విప్పలేదు.

పీరుకి ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల్లో పీరు స్కూటీ మీద వచ్చాడు, చేతులకి వార్నిష్ మరకలతో. వచ్చినవాడు సున్నం గీత దగ్గరే ఆగిపోయాడు. క్లబ్బు మనిషి కానప్పుడు గీత దాటకూడదని అతని లెక్క.

"లోపలికి రారా," అన్నాడు రత్తయ్య.

ఇద్దరూ గోలు దాకా నడిచారు. మిగతావాళ్ళు బల్ల దగ్గరే నిలబడ్డారు. అమలమ్మ పొయ్యి తగ్గించింది.

"పీరూ, నీ మీద చెయ్యెత్తింది నేనేరా," అన్నాడు రత్తయ్య.

"తెలుసు బాబాయ్. ఎవరెటు ఎత్తారో మాణిక్యం గారు గ్రూపులో పెట్టారుగా."

"తెలిసీ నన్నొక్క మాట అడగలేదేం?"

"నువ్వే చెప్తావని ఆగా."

రత్తయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. నిన్నొదులుకోవాలని కాదురా, నలుగురూ ఏమంటారోనని భయపడ్డానని చెప్పాడు. అది తప్పని చెప్పాడు. చెప్పడానికి రెండు నెలలు పట్టింది గానీ, చెప్పేసరికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత మోకాళ్ళ మీద చేతులాన్చి నీడ వైపు వంగాడు.

"ఇక చాలురా నాయనా. బాగా కాశావు. నీ అంతవాడు ఈ గట్టు మీద లేడు. లే. వెళ్ళిరా."

నీడ కదిలింది. ముందు మోచెయ్యి ఆనించి లేచి కూర్చుంది. ఒళ్ళు విరుచుకుంది. గోలు వైపు ఒకసారి తిరిగి చూసి, మెల్లగా పాక్కుంటూ వచ్చి పీరు కాళ్ళ దగ్గర చేరింది. పీరు ఒక కాలెత్తి చూశాడు, ఇంకో కాలెత్తి చూశాడు. అంటుకునే ఉంది. దూరంగా జమాల్ బీ గొడుగు చంకలో పెట్టుకుంది.

"వెళ్ళొస్తా బాబాయ్," అన్నాడు పీరు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే మంగళగిరిలో సంతకం అయిపోయింది. సాయంత్రం సెమీఫైనల్లో కాలవగట్టు జట్టు రెండు గోల్సు కొట్టి, ఆరు గోల్సు తింది. ఫోన్‌లో లెక్కలన్నీ చూసుకున్న చక్రి, డిఫెన్సులో చిన్న ఇబ్బంది ఉన్నట్టుందని తేల్చాడు. మాణిక్యం వారం రోజులు రత్తయ్యతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున పునుగులు చల్లారిపోతున్నాయని తనే పిలిచాడు.

ఫిబ్రవరిలో లీగు ఆఖరి మ్యాచ్‌కి మంగళగిరి జట్టు ఇదే గ్రౌండుకి వచ్చింది. గెలిస్తే లీగు కప్పు కాలవగట్టుది, డ్రా అయినా మంగళగిరిది. గట్టంతా జనం. రెండో సగంలో మంగళగిరి వాళ్ళు కాసేది సరిగ్గా ఆ గోలే. పీరు పాత చోటే నిలబడ్డాడు, ఒంటి మీద వేరే రంగు చొక్కాతో. కాళ్ళ కింద నీడ బుద్ధిగా ఉంది.

ఇంకా గోల్సేం పడలేదు. ఆఖరి నిమిషంలో కాలవగట్టు ఫార్వర్డ్ బంతితో దూసుకెళ్ళాడు. ఎడమకి వెళ్తున్నట్టు భుజం వంచాడు. పీరు మోసపోయి అటు అడుగెయ్యబోయాడు. సిమెంటు బల్ల మీద రత్తయ్య ఒక్కసారిగా లేచి నిలబడి గొంతు చించుకున్నాడు.

"పీరూ! నేను చెప్పేదాకా అక్కణ్ణించి కదలకు!"

పీరు కదల్లేదు. బంతి వచ్చి అతని ఛాతీకి కొట్టుకుని బయటికి పోయింది. ఈల మోగింది. కప్పు మంగళగిరికి వెళ్ళింది.

చక్రి తల పట్టుకున్నాడు. మాణిక్యం నెమ్మదిగా తల తిప్పాడు. "రత్తయ్య గారూ, మనం ఎటువైపండీ?"

రత్తయ్య కూర్చుని పునుగు చట్నీలో ముంచాడు. నవ్వు ఆగడం లేదు.

జనం పల్చబడ్డారు. మంగళగిరి కుర్రాళ్ళు కప్పు పట్టుకుని ఫోటోలు దిగి వ్యానెక్కారు. డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరో "పీరన్నా, రా!" అని అరిచారు. పీరు గోలు ముందే నిలబడి ఉన్నాడు. అతనూ, అతని నీడా. అటూ ఇటూ చూడకుండా సిమెంటు బల్ల వైపే చూస్తున్నాడు.

"అదేంటి, వాడింకా అక్కడే ఉన్నాడు?" అన్నాడు చక్రి. "ఫోన్ చెయ్యనా?"

"వద్దు," అన్నాడు రత్తయ్య. ప్లేటు బల్ల మీద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, గ్రౌండుకి అడ్డంగా పడి తనే నడుచుకుంటూ వెళ్ళాడు, చెప్పడానికి.