మడకి రెండు చెంచాలు

నారు చచ్చిపోయింది. సైన్సు ఎగ్జిబిషనుకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

సత్యానందం మాస్టారు ఇంటి వరండాలో గొంతుక్కూర్చుని తొట్లకేసి చూశాడు. మొదటి తొట్టిలో కొత్తపేట చేల ఒండ్రుమట్టి, వరినారు. రెండోదాంట్లో సముద్రం పోటు ఎక్కి దిగే చోటి బురద, మడ మొక్కలు. మూడోదాంట్లో ఒడ్డు ఇసక, కొబ్బరి మొక్క. ఇంత చిన్న కోనసీమలో నేల ఇన్ని రకాలుగా ఎందుకు మారుతుందో చూపించాలని నెల్లాళ్లుగా ఆయన తాపత్రయం. మడా కొబ్బరీ నిక్షేపంలా ఉన్నాయి. నారు మాత్రం కొసలు ఎర్రబడి వాలిపోయింది.

అది 1979. హెడ్మాస్టరు జ్ఞానప్రకాశం గారు ముందే తేల్చి చెప్పేశారు. అమలాపురం ఎగ్జిబిషనులో బడికి బహుమతి వస్తే సైన్సు గది ఉంటుంది. రాకపోతే అందులో విరిగిన బెంచీలు పడేస్తారు.

సత్యానందం దర్యాప్తు మొదలెట్టాడు. మూడింటికీ ఒకటే ఎండ. మూడింటికీ తనే పోసిన కాలవ నీళ్లు. కోళ్లు కెలికిన గుర్తు లేదు. చివరికి నారు మొదట్లో చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఉప్పు.

సంగతేమిటని అడిగితే భార్య దీనమ్మ తలుపు వైపు చూసి, నవ్వు ఆపుకుంటూ చెప్పేసింది. వేసింది ఆయన అత్తగారు ఎలీసమ్మ.

పెళ్లయిన ఆరేళ్లలో ఆవిడ అల్లుడి ఎదటపడి ఒక్క మాట మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి కూతురితోనే. కొబ్బరి మొక్క గోతిలో ఉప్పు వేయడం ఊహ తెలిసిన దగ్గర్నించీ ఆవిడకి అలవాటు. అల్లుడు అంత ముద్దుగా పెంచుకుంటుంటే, ఒక్క కొబ్బరికే పెట్టి మిగతావాటిని పస్తుంచడానికి మనసొప్పలేదు.

సత్యానందానికి కోపం రాబోయి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఉప్పు మూడింటికీ పడింది. చచ్చింది ఒక్కటే. ఏ నేల మొక్క ఉప్పుని ఓర్చుకుంటుందో తను చార్టులు గీసి చెప్పలేకపోయాడు, ఆవిడ చేసి చూపించేసింది.

ఎండిన తొట్టిని ఆయన పారేయలేదు. ఊళ్లో రైతు రాజబాబు గారి నారుమడి నుంచి పచ్చటి నారు తెచ్చి, ఉప్పు లేని నాలుగో తొట్టిలో నాటి దాని పక్కన పెట్టాడు. అత్తగారు నొచ్చుకుంటుందని ఆ ఊసు మళ్లీ ఇంట్లో ఎత్తలేదు.

అమలాపురంలో జడ్జీగా వచ్చిన లెక్చరరు కాశీవిశ్వనాథం గారు తొట్ల ముందు చాలాసేపు నిలబడ్డారు. బావుందన్నారు. ఉప్పు ఎంత వేశారు, ఎన్నాళ్లు వేశారు అని అడిగారు. లెక్క లేకపోతే ప్రయోగం కాదు, మొక్క చచ్చింది, అంతే, అన్నారు.

సత్యానందం దగ్గర ఆ లెక్క లేదు. జ్ఞానప్రకాశం గారు గోడకేసి చూస్తున్నారు.

చూడ్డానికని కూతురితో వచ్చిన ఎలీసమ్మ స్తంభం వెనక నుంచి ఇవతలికొచ్చింది. జడ్జీ వైపు చూడలేదు. కొంగు భుజాల నిండా కప్పుకుని తిన్నగా అల్లుడి మొహంలోకి చూసింది.

"తొమ్మిది రోజులు వేసేనండీ అల్లుడుగారూ. నారుకి రోజూ చెంచాడు, కొబ్బరికి చెంచాడు. మడకి రెండండి."

"మడకి రెండెందుకండీ అత్తయ్యగారూ?"

"ఆకు నాకి చూసేనండీ. ఉప్పగా ఉంది. దానికదే ఇష్టం కాబోలనుకున్నాను."

జడ్జీగారు కలం తీశారు. ఏ చెంచా అని అడిగితే, మజ్జిగలోకి ఉప్పేసుకునేదని దీనమ్మ చెప్పింది.

రెండో బహుమతి వచ్చింది. విరిగిన బెంచీలు బడి వరండాలోనే ఉండిపోయాయి.

తిరుగు బస్సులో ఎలీసమ్మ మళ్లీ కొంగు ముందుకి లాక్కుని, వెనక సీట్లో కూతురి చాటున కూర్చుంది. ఇక అంతేలే అనుకున్నాడు సత్యానందం. బస్సు అమలాపురం దాటాక వెనక నుంచి నెమ్మదిగా వినిపించింది.

"అల్లుడుగారూ, మరి అంత ఉప్పులో, సముద్రం అడుగున మొక్కలుంటాయాండీ?"

సత్యానందం సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"ఉంటాయండీ. వెలుగు అందినంత లోతు దాకా," అని మొదలెట్టాడు. ఇంటికి ఇంకా అరగంట ప్రయాణం ఉంది.