ప్రతి ఇంట్లోనూ నా పేరు

గిన్నెలు తోముతుండగా కింది ఫ్లాట్ జ్యోతిక ఫోన్ చేసి, వాళ్ల రౌటర్ ఒకసారి చూడమంది. చేతులు తుడుచుకుని బయల్దేరాను. మా అపార్ట్‌మెంట్‌లో అందరివీ ఒకే కంపెనీ డబ్బాలు. మా ఇంటి సెట్టింగులన్నీ ఒక ఫైల్‌గా దాచుకుని, ఎవరు పిలిస్తే వాళ్ల డబ్బాలోకి ఎక్కించి, కనెక్షన్ వివరాలు, వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రం మార్చి వస్తాను. మా ఇంటి పెరుగుతో అందరిళ్లలో పాలు తోడుపెట్టినట్టే. మా ఆయన మురళీకృష్ణ అపార్ట్‌మెంట్ మీటింగుల్లో "మా ఆవిణ్ణి పంపిస్తాలెండి, ఖాళీగానే ఉంటుంది" అంటుంటాడు.

మధ్యాహ్నం పూట ఆ మెట్ల మీద నాకెప్పుడూ మగతగా ఉంటుంది. ఒక్కో తలుపు వెనకా నేను వెలిగించి వచ్చిన పచ్చ దీపాలు మిణుకుమంటుంటాయి. ఆ ఇళ్ల వైఫై పేర్లన్నీ గోడలు లేనట్టే గాలిలో తేలుతూ, ఒకదాన్నొకటి తాకుతూ తిరుగుతున్నాయనిపిస్తుంది. ఈ రౌటర్ల విద్య దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ వాళ్ల ఆన్‌లైన్ క్లాసుల్లో మొదలుపెట్టాను. పూర్తిచేస్తే ఎల్బీ నగర్‌లో ఉద్యోగం చూపిస్తామన్నారు. కొన్నాళ్లకి, సరిగ్గా క్లాసు వేళకే నా ఫోన్‌లో నెట్ పోయేది. మేడం గొంతు సగం మాటలో ఆగి, నోరు తెరిచిన బొమ్మ మిగిలేది. మురళి ఫోన్‌లో బాగానే వచ్చేది, అత్తగారి టీవీలోనూ వచ్చేది. "నీ ఫోన్ ముసలిదైపోయింది, నీలాగే" అని నవ్వాడు మురళి. "మధ్యాహ్నం కాస్త నడుం వాల్చక ఈ చదువులేంటమ్మా" అంది అత్తగారు, తాగిన కాఫీ గ్లాసు నా చేతికిస్తూ. నేనూ ముందు ఫోన్‌ని తిట్టుకున్నాను, తర్వాత నన్ను. చివరికి క్లాసు మానేశాను.

జ్యోతిక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. "మా ఆయనకు ఆటల పిచ్చి ఎక్కువైందక్కా. పొద్దుగూకినంక ఆయన ఫోన్‌కు నెట్ జర బంద్ చేద్దామని చూస్తున్న. అండ్ల ముందుగాలనే ఎవరిదో పేరుంది. వేద అంటే నువ్వేనా?"

రౌటర్ సెట్టింగుల్లో నేనెప్పుడూ తెరవని పేజీ అది. ఏ ఫోన్‌కి ఏ వేళ నెట్ ఆపాలో అందులో ఉంటుంది. ఒక్కటే పేరుంది. వేద. నా క్లాసు మొదలయ్యే వేళ నుంచి అయిపోయే వేళ దాకా. వేదవతిని వేద అని పిలిచింది మురళి ఒక్కడే, అదీ పెళ్లయిన కొత్తలో. ఇప్పుడు నా పేరు "ఇదిగో". తన ఫోన్‌లోని రౌటర్ యాప్‌లో, నన్ను ఆపడానికి ఆ పాత పేరు వెతికి మరీ రాశాడు. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. మా ఇంటి ఫైల్‌తో పాటు ఆ పేరూ వెళ్లింది. యాదలక్ష్మి గారింట్లో, సింధు వాళ్లింట్లో, అన్ని ఇళ్లలోనూ నా ఫోన్‌ని నా చేత్తోనే ఆపి, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి వచ్చాను.

"ఏమైందక్కా, గట్ల కూసున్నవ్?"

ఆ పేరు చెరిపేశాను. "మీ ఆయన ఫోన్ ఆపాలంటే చెప్పి ఆపు జ్యోతికా. చెప్పకుండా మాత్రం ఆపకు."

ఆమె నా మొహంలోకి చూసింది. "నిన్ను ఆపింది అన్ననేనా?"

తలూపాను. జ్యోతిక కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి పేరు తీసేశాను. కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి కొత్త బ్యాచ్‌లో చేరాను. మర్నాడు భోజనాలయ్యాక, మా హాల్లోని డబ్బా వెనక, సెట్టింగులన్నీ చెరిపేసే చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి పట్టుకున్నాను. దీపాలన్నీ ఆరిపోయి, ఏ ఇంటిదో ఎరగని కొత్త డబ్బాలా మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి. తలుపు దగ్గరకు వేసి కిందికి వెళ్లాను.

జ్యోతిక ఇంట్లో నా ముసలి ఫోన్ ఒక్కసారీ ఆగలేదు. మేడం గొంతు నీళ్లలా సాగిపోతోంది. నేనెక్కడున్నానో కూడా మర్చిపోయాను.

మురళి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "ఇదిగో, ఇంట్లో నెట్ పోయింది. ఆఫీసు మీటింగ్ మధ్యలో ఆగిపోయింది. పైకొచ్చి ఆ ఫైలేదో ఎక్కించు."

"క్లాసయ్యాక వస్తాను," అన్నాను. "ఈసారి ఫైల్ ఎక్కించనండీ. మీరు పక్కన కూర్చోండి. ఒక్కో పేజీ తెరుస్తాను, మీరు పైకి చదువుదురుగాని."