చేతులు వెనక్కి

పొద్దుటి రౌండ్స్ సగంలో ఉన్నాయి. ఆడవాళ్ల వార్డులో తెల్లకోట్ల గుంపు ఒక్కో మంచం దాటుకుంటూ కదులుతోంది. ముందు సుశీల్, పై చదువు చదువుతూ వార్డులో పనిచేసే పీజీ డాక్టరు. అతని వెనక ఫైళ్లు పట్టుకున్న విద్యార్థులు. అందరికంటే చివర డాక్టర్ లీల. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆమె చోటు అదే. మొదట్లో ఎవరో తోసేస్తే వెనక్కి వెళ్లింది, తరువాత అదే నచ్చింది. పాఠం చెప్పేవాడి ముఖం కంటే వినేవాళ్ల మెడలు చూస్తే ఎక్కువ తెలుస్తుందని ఆమె నమ్మకం. భయపడిన మెడ బిగుసుకుంటుంది. ఇవాళ సోని మెడ అలాగే ఉంది.

సోని మూడో ఏడాది విద్యార్థిని. పోయిన వారం ఇదే వార్డులో, పొద్దుటి రౌండ్స్‌లో, మంగళగి నుంచి వచ్చిన తాయవ్వ మంచం దగ్గర ఆ పిల్లకు పరాభవం జరిగింది. తాయవ్వకు పొట్టలో ఎడమవైపున ప్లీహం బాగా పెరిగిపోయింది. దాని అంచును వేళ్లతో వెతికి పట్టుకోవాలి. తనకు తగల్లేదని సోని అంటే, సుశీల్ ఆమె చేతిని పక్కకు నెట్టి తన చేయి పెట్టాడు.

"గుడ్డోళ్లకు సుత దొరుకుతది ఇది. మల్ల చూడు. తగిలిందా?" అన్నాడు.

అందరూ చూస్తున్నారు. "తగిలింది సార్," అంది సోని. ఆ సాయంత్రం లీల గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నాకేం తగల్లేదు మేడం. మేమందరం గట్లనే అంటం," అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ మాట లీలను వారమంతా నిద్రపోనివ్వలేదు. తగలకుండానే తగిలిందనే అలవాటుతో ఈ పిల్లలు డాక్టర్లవుతారు. రేపు మన్నళ్ళి నుంచో మంగళగి నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి పొట్ట మీద చేయి పెట్టి, ఏమీ తెలియకపోయినా తెలిసిందని రాసేస్తారు. అలాగని సుశీల్ చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, తిండి మాని మరీ రోగుల్ని గట్టెక్కించినవాడు. తనకు ఎలా నేర్పారో అలాగే నేర్పుతున్నాడు. డాక్టరైనవాడికి పాఠం చెప్పడం దానంతటదే వచ్చేస్తుందని కాలేజీలో అందరూ అనుకుంటారు. రాదని అనుకునేది లీల ఒక్కతే. అందుకే ఏళ్ల కిందటే గురువారం మధ్యాహ్నం మూడింటికి ఒక గంట పెట్టుకుంది. ఆ గంటలో పీజీలు విద్యార్థులకు పాఠం చెబుతారు, ఎలా చెప్పాలో లీల పీజీలకు చెబుతుంది.

ఆ గంటలో పీజీ చేతులు వెనక్కి కట్టుకోవాలి. రోగి మీద చేయి వేసేది విద్యార్థే. అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా పీజీ నోరు మెదపకూడదు.

ఇది ఆమెకు వైద్యగ్రంథాల్లో దొరకలేదు, బీదర్ గంజ్‌లో, ధాన్యం బజారులో దొరికింది. లీల తండ్రి అక్కడ కందులు, మినుములు టోకున అమ్మేవాడు. కొత్తగా చేరిన గుమాస్తా బస్తాలోంచి గుప్పెడు తీసి కొనేవాడి ముందు పోశాడంటే ఆయనకు ఒళ్లు మండేది. "నీ చెయ్యి తీయి. ఆయన చెయ్యి పోనీ. అడుగుదాక పోనీ," అనేవాడు. కొనేవాడు మోచేతి దాకా చేయి దించి అడుగున తేమ ఉందో, పుచ్చులున్నాయో తానే చూసుకునేవాడు. అంతసేపూ గుమాస్తా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాల్సిందే. బడి నుంచి వచ్చి గల్లా పక్కన కూర్చున్న లీల రోజూ ఇది చూసింది.

పీజీలు ఆమెకు "గంజ్ మేడం" అని పేరు పెట్టారు. అది ఆమె చెవిన పడింది. పడితే పడనీ అనుకుంది, నిజానికి కొంచెం మురిసిపోయింది కూడా. ఆమె పేరు మీద గొప్ప వ్యాసాలేవీ అచ్చుకాలేదు. పదోన్నతి వస్తూ వస్తూ ఎక్కడో ఆగిపోయింది. ఆమె దగ్గర చదువుకున్న సుమిత్ ఇప్పుడు విభాగానికి పెద్ద. పెళ్లి మాట ఎత్తడం బంధువులు ఎప్పుడో మానేశారు. వీటిలో దేనికోసమూ లీల ఎవరితోనూ పోట్లాడలేదు. గురువారం గంట జోలికి వస్తే మాత్రం ఊరుకునేది కాదు.

ఇవాళ గురువారం. ఇవాళే ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు.

మధ్యాహ్నం అటెండర్ నర్సప్ప కబురు తెచ్చాడు. "మేడం, మూడింటికి హాల్ల మీకు సన్మానమట. దండలు, శాలువ తెచ్చిండ్రు. గురువారం క్లాసు ఇయ్యాల్టి సంది బందట. పీజీలను ఫైళ్ల పనికి పంపుమన్నరు పెద్దసారు."

"మూడింటికేనా?"

"మూడింటికే."

లీలకు కోపం వచ్చింది, బాగానే వచ్చింది. రోజులో ఇన్ని గంటలుంటే సుమిత్‌కు ఆ గంటే దొరికింది. ఆమె మెడలో దండ వేసి, ఆ చేత్తోనే ఆమె గంటను కూడా సాగనంపుదామని చూస్తున్నాడు.

"నర్సప్పా, మీ పెద్దసారుకు చెప్పు. నా నౌకరీ ఐదింటిదాక ఉన్నది. మూడింటికి నాకు క్లాసున్నది."

నర్సప్ప నవ్వు ఆపుకున్నాడు. "అట్లనే చెప్పాల్నా మేడం?"

"అట్లనే చెప్పు."

మూడింటికి ఆమె తాయవ్వ మంచం దగ్గరుంది. సోని వచ్చింది, ఆమె వెనక జాయ్ అనే కుర్రాడు వచ్చాడు. సుశీల్ మాత్రం తలుపు వైపు చూస్తూ వచ్చాడు.

"మేడం, సార్ ఫైళ్లు అడుగుతుండు..."

"అడగనీ. చేతులు వెనక్కి."

సుశీల్ చేతులు కట్టుకున్నాడు. ముందు రోగిని అడగాలని గుర్తొచ్చి కొంచెం వంగాడు. "అవ్వా, ఈ పిల్ల నీ కడుపు చూస్తది. చూడొచ్చా?"

"ఇన్నొద్దులకు అడిగినవ్ బిడ్డా," అంది తాయవ్వ. "చూడనీ. నీ చెయ్యి కన్న ఈ పిల్ల చెయ్యి మెత్తగుంటది."

జాయ్ నవ్వబోయి ఆగాడు. సోని ముసలామె ఎడమ పక్కటెముకల కింద చేయి పెట్టింది. వేళ్లు అక్కడక్కడే తచ్చాడాయి. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు. తగిలిందని ఒక్క మాట అనేస్తే బయటపడిపోవచ్చనీ తెలుసు.

"తగల్లేదు సార్," అంది.

సుశీల్ కుడిచేయి వెనకనుంచి ముందుకు వచ్చింది. లీల ఏమీ అనలేదు. ఆ చేయి సగంలో ఆగింది, మెల్లగా వెనక్కి వెళ్లింది. అతను తన మణికట్టును తానే గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కడ మొదలువెట్టినవ్?"

"ఇక్కడ సార్. ఎముకల కింద."

"అది... ఇంక పెద్దగుంటే?"

సుశీల్ పెదవులు కదిలాయి, మళ్లీ మూసుకున్నాయి. సోని తన చేతి వంక చూసుకుంది. "నా చెయ్యి దాని మీదనే ఉన్నదా సార్?"

అతను అవుననలేదు, కాదనలేదు. సోని చేయి తీసి, బొడ్డుకు కిందుగా కుడివైపు, పొత్తికడుపు దాకా తెచ్చి పెట్టింది. "అవ్వా, గట్టిగ దమ్ము పీల్చు." తాయవ్వ పీల్చింది. చేయి కొంచెం పైకి, ఎడమకు జరిగింది. ఇంకో శ్వాస, ఇంకొంచెం. బొడ్డు పక్కకు వచ్చేసరికి ఆ గట్టి అంచు ఊపిరితో పాటు కిందికి దిగి సోని వేలికి తాకింది.

"వచ్చింది," అంది సోని. సార్ అనడం మరిచిపోయింది.

అప్పుడే వార్డు గుమ్మంలో సుమిత్ కనిపించాడు. "మేడం, అందరు హాల్ల కూసున్నరు. దండలు వాడిపోతున్నయి."

"వాడిపోనీ సార్. జాయ్ ఇంక చెయ్యి పెట్టలే."

"ఈ క్లాసు బంద్ చేసినమని నర్సప్ప చెప్పలేదా?" సుమిత్ ఇటు తిరిగాడు. "సుశీల్, నువ్వు ఫైళ్ల దగ్గరికి పో."

సుశీల్ ముఖం కందిపోయింది. అతని పరీక్ష, అతని భవిష్యత్తు సుమిత్ చేతిలో ఉన్నాయి. అది లీలకూ తెలుసు. అతను సాయం కోసం ఆమె వైపు చూశాడు. అతని తరఫున తానే జవాబు చెప్పేయాలని లీలకు మాట నాలుక మీదిదాకా వచ్చింది. కానీ చేతులు వెనక్కి కట్టుకుని ఊరుకుంది.

"జాయ్‌ది అయినంక వస్త సార్," అన్నాడు సుశీల్. కట్టుకున్న చేతులు విడలేదు.

సుమిత్ ఆ చేతుల వంక చూశాడు. "వచ్చే గురువారం చూద్దాం," అని వెనుదిరిగాడు.

"చూద్దాం సార్," అంది లీల, అతనికి వినిపించేలాగానే.

"నువ్వు నడిపియ్యి. నేను జర చాయ్ తాగొస్త," అని సుశీల్‌కు చెప్పి ఆమె పక్కనున్న డ్యూటీ గదిలోకి వెళ్లింది. ఇన్నేళ్లలో ఆ గంటలో ఆమె వార్డు వదిలింది లేదు. చాయ్ వట్టి సాకు. తాను లేనప్పుడు సుశీల్ ఏం చేస్తాడో తెలియాలి. వార్డుకూ ఆ గదికీ మధ్య చెక్క గోడ ఒకటే అడ్డం. నర్సప్ప తెచ్చిన గ్లాసు పట్టుకుని చెవులు అటే పెట్టింది.

"ఏమన్న తెలుస్తుందా?" సుశీల్ గొంతు.

ఎక్కడో స్టీలు పళ్లెం కింద పడింది. తాయవ్వ దగ్గింది. పోయిన వారం సుశీల్ అయితే ఈపాటికి కుర్రాడి చేయి అవతల పడేది. ఇప్పుడూ చెప్పేస్తాడు, చూస్తుండు, అనుకుంది లీల. ఆమెకు భయమేసింది. ఇన్నేళ్ల తన గురువారాలన్నీ ఈ కాస్త మౌనం మీద ఆగి ఉన్నాయి.

"తగల్లేదు సార్," అన్నాడు జాయ్, చాలాసేపటికి.

"మంచిది. ఎందుకు తగల్లేదో నువ్వే చెప్పు."

మళ్లీ మౌనం. ఈసారి దాన్ని సుశీల్ తానే కోరి తెచ్చుకున్నాడు. లీల కళ్లు తడిశాయి. అందుకు ఆమెకు తన మీదే కోపం వచ్చింది.

గ్లాసు కిటికీలో పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని, హాలు వైపు కాకుండా వెనక మెట్ల మీదుగా దిగింది. కింద నర్సప్ప ఎదురయ్యాడు.

"మేడం, సన్మానం?"

"శాలువ మీ ఇంటామె రాచమ్మకియ్యి. చలికాలం కప్పుకుంటది."

గేటు దగ్గర ఆటో ఎక్కి, గంజ్ వెనకున్న తన ఇంటికి పోనిమ్మంది. వెనుదిరిగి చూడలేదు. పైన వార్డులో జాయ్ ఇంకా ఆలోచిస్తున్నాడు, సుశీల్ ఇంకా ఆగి ఉన్నాడు. డ్యూటీ గది కిటికీలో ఆమె సగం తాగి వదిలేసిన చాయ్ మీద మెల్లగా మీగడ కడుతోంది.