బాయిలర్ తప్పు కాదు

మా ఇస్త్రీ షాపులో పెట్టెలకు ఆవిరి పంపే బాయిలర్ ఉన్న గోడకూ నా బల్లకూ మధ్య మనిషి పట్టేంత సందు కూడా ఉండేది కాదు. అందుకే ఆ ఏడాది ఉన్నట్టుండి ఛాతీలోంచి వేడి బయల్దేరి మెడ మీదుగా చెవుల దాకా పాకడం మొదలైనప్పుడు నేను బాయిలర్‌ని తిట్టాను. మా ఆయన కూడా దాన్నే అనుమానించాడు. ఆయనది మెకానిక్ బుర్ర. ఏది పాడైనా విప్పితే తెలుస్తుంది, తెలిస్తే బాగవుతుంది అని ఆయన నమ్మకం. వాల్వు మార్చాడు. పైపులకు కొత్త చుట్టు చుట్టాడు. చివరికి గోడకు కన్నం కొట్టి ఫ్యాను కూడా బిగించాడు. అయినా నా జాకెట్టు తడిసి వీపుకు అతుక్కునే ఉండేది.

"ఇంకా వేడిగానే ఉందా?" అని అడిగేవాడు.

"మీరు బాగుచేశాక ఇంకాస్త పెరిగింది" అనేదాన్ని.

పాపం, నిజమేననుకుని మళ్ళీ పానా పట్టుకునేవాడు.

వేడి ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేదాన్ని. నిద్ర నన్ను వదిలి వెళ్ళిపోయింది. నాకు ముక్కుమీద కోపం మొదట్నుంచీ ఉంది గానీ, అప్పట్లో అది ముక్కు దాకా రావడానికి కూడా ఆగేది కాదు. హోటలు దుప్పట్లు తెచ్చే ఆటో అతను కాస్త ఆలస్యమైందమ్మా అన్నందుకు అగ్గిమీద గుగ్గిలమయ్యాను. అతను అటు వెళ్ళాడో లేదో ఆ దుప్పట్ల మధ్యే కూర్చుని ఏడ్చాను. ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని, దాన్ని ఎందుకు పట్టుకున్నానో గుర్తురాక నిలబడిపోయేదాన్ని. ఒకసారి అలాగే ఒక తెల్ల చొక్కా కాల్చేశాను. ఇన్నేళ్ళలో నా చేతిలో కాలిన మొదటి గుడ్డ అదే.

ఆ తర్వాత నెల తప్పింది.

మాకు పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. నెలసరి వచ్చిన ప్రతిసారీ నేను ఏడవడం, "వచ్చే నెల చూద్దాంలే" అని ఆయన అనడం మా సంసారంలో ఒక అలవాటు. నలభై దాటాక ఏడవడం మానేశాను. ఆశపడటం మాత్రం మానలేకపోయాను. నలభై ఆరో ఏట నెల తప్పితే ఇంకెవరైనా ఏమనుకునేవారో నాకు తెలీదు, మేం మాత్రం అదే అనుకున్నాం.

షాపులో మడతలు పెట్టే ఆవిడని అందరం రేడియో అంటాం. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. నేను చెప్పకుండానే సంగతి పసిగట్టి, "నా మూడో కాన్పప్పుడు నాకూ ఇలాగే ఒళ్ళంతా సెగలు. ఆడపిల్లే, రాసిపెట్టుకో" అంది. మాకు అంతకంటే ఏం కావాలి? ఒళ్ళు వేడెక్కితే కడుపు, నిద్ర పట్టకపోతే కడుపు, ఏడుపొస్తే అదీ కడుపే. పరీక్ష చేయించుకుందామని ఆయన అన్నప్పుడల్లా నేనే వాయిదా వేశాను. లేదని చెబుతారేమోనని భయం. చెప్పించుకోకుండా ఉన్నంతకాలం ఉన్నట్టే కదా.

ఆ మూడు నెలలూ ఆయన నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. కూర్చుని ఇస్త్రీ చేసుకునేలా నా ఎత్తుకు స్టూలు చేయించాడు. దుప్పటి మూటలన్నీ తనే ఎత్తాడు. నా బల్లను బాయిలర్‌కి దూరంగా, వాకిలి పక్కకు జరిపి, ఆవిరి గొట్టం చాలకపోతే కొత్తది కొనుక్కొచ్చాడు. పని చేస్తూ ఈల వేసేవాడు. ఆయనకు ఈల వేయడం రాదు. అయినా ఆపమని నేను ఒక్కసారీ అనలేదు.

ఒక మధ్యాహ్నం చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతుండగా ఒంట్లోంచి వెచ్చగా ఏదో జారింది. చూస్తే స్టూలు మీద, నేల మీద రక్తం. రేడియోకి మొదటిసారి నోట మాట రాలేదు. ఆయన ఏ కస్టమర్‌దని కూడా చూడకుండా ఉతికిన దుప్పటి ఒకటి లాగి నా చుట్టూ చుట్టాడు. ఆస్పత్రికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి తీసుకెళ్ళారు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ కుర్చీ నా మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"కడుపు పోయిందా?" అని నేనే అడిగాను.

"పోలేదమ్మా. అసలు రాలేదు."

"మూడు నెలలు తప్పింది కదా?"

"నెలసరి ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుంది. కొన్నాళ్ళు రాదు, వచ్చినప్పుడు ఇలా వరదలా వస్తుంది. సెగలు, నిద్ర పట్టకపోవడం, కోపం, మతిమరుపు, ఇవన్నీ ఉన్నాయా మీకు?"

"అయితే బాయిలర్ తప్పు కాదా?" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను. బిడ్డను పోగొట్టుకున్నదాన్ని ఓదార్చడానికి నలుగురూ వస్తారు. నాకు పోవడానికి బిడ్డే లేదు. ఎవరికని చెప్పుకోను, ఏం పోయిందని చెప్పుకోను?

అసలు కడుపే రాలేదన్న సంగతి ఆయనకు డాక్టరమ్మే చెప్పింది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడ, మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, రక్తం గడ్డకట్టే జబ్బుందా అని అన్నీ అడిగి, రిపోర్టులు చూసి, హార్మోన్ మందు రాసింది. పొద్దున్నే తొడకు రాసుకునే జెల్లు, నెలలో సగం రోజులు పడుకునే ముందు వేసుకునే మాత్ర.

"ఇది వాడితే ఇక పిల్లలు పుట్టరా?"

"దీనివల్ల పోయేదేం లేదమ్మా. మీ రిపోర్టుల్ని బట్టి ఆ ఆశ ఇక పెట్టుకోకండి. ఇది మీరు నిద్రపోవడానికి, మీ పని మీరు చేసుకోవడానికి. నెలనెలా రక్తం కనిపిస్తుంది. అది మందు వల్ల వచ్చేది. దాన్ని చూసి మళ్ళీ ఆశపడొద్దు."

బయటికొచ్చి ఆయనతో, "ఒంట్లో హార్మోన్లు తగ్గాయట. మందిచ్చింది" అన్నాను. అంతకు మించి చెప్పలేదు. ఆయన తలూపి మందుల చీటీ అందుకున్నాడు.

జెల్లు సీసా అద్దం ముందు చాలా రోజులు అలాగే ఉండిపోయింది. మూత తీస్తే ఒప్పుకున్నట్టే అనిపించేది. ఈలోగా ఒకరోజు మడతలు వంకరగా ఉన్నాయని రేడియో మీద ఎంత అరిచానంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పని మధ్యలో ఇంటికి వెళ్ళిపోయింది. నేను అన్న మాటలు నాకే వినబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున మూత తీశాను. జెల్లు చల్లగా ఉంది.

కొన్ని వారాలకు నిద్ర పట్టడం మొదలైంది. సెగలు తగ్గాయి. రేడియోని బతిమాలి తెచ్చుకున్నాను. చెయ్యి మళ్ళీ కుదురుగా నడిచి, చొక్కాల మీద గీతలు తిన్నగా వచ్చాయి. మందు అంత బాగా పనిచేసినందుకు నాకు దాని మీద కోపంగా ఉండేది. నేను బాగుపడుతున్న కొద్దీ నా ఆశ అబద్ధమని తేలిపోతోంది మరి.

నెలసరి డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చింది. మళ్ళీ నెల కూడా వచ్చింది. ఆ రోజు పొద్దున షాపులో మేమిద్దరమే ఉన్నాం. ఆయన బాయిలర్ మీటరు గుడ్డతో తుడుస్తున్నాడు.

"చూశావా, ఇప్పుడు గడియారంలా వస్తోంది" అన్నాడు. "అంటే లోపల అంతా గాడిలో పడ్డట్టే. ఇంకొన్నాళ్ళు ఒళ్ళు కుదుటపడనీ. అప్పుడు మళ్ళీ..."

నేను ఆ రోజు చెప్పిన సగం మాటకి ఈయన మిగతా సగం ఇలా కలుపుకున్నాడు. పాడైంది, మందు పడింది, బాగైంది. ఇన్ని నెలలుగా ఆ లెక్కతోనే ఉన్నాడు. ఇప్పుడు దాన్ని నా నోటితో నేనే విరగ్గొట్టాలి. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"అది మందు తెప్పించే రక్తమండీ" అన్నాను. "ఇక పిల్లలు పుట్టరు. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది."

ఆయన మీటరు తుడుస్తూనే ఉన్నాడు. శుభ్రంగా ఉన్న అద్దాన్నే ఇంకా తుడిచి తుడిచి, చివరికి దుప్పటి మూట మీద కూర్చుండిపోయాడు.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే మనసులో పెట్టుకున్నావా?"

"ఎలా చెప్పను? మీరు అంత సంబరపడ్డారు."

ఆయన ఏడ్చాడు. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఏడవడం నా వంతు, ఓదార్చడం ఆయన వంతుగా ఇన్నేళ్ళూ నడిచింది. ఇప్పుడు ఓదార్చడం నా వంతయింది. వచ్చే నెల చూద్దాం అనడానికి లేదు. పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేశాను.

ఏడుపు ఆగాక, "పేరేమైనా అనుకున్నావా?" అన్నాడు.

"అనుకున్నాను."

"నేను అనుకోలేదు. ముందే అనుకుంటే మంచిది కాదేమోనని ఆగాను. ఏం పేరు?"

చెప్పాను. అది నా నోట్లోంచి బయటికి రావడం అదే మొదటిసారి.

ఆయన గుడ్డతో మొహం తుడుచుకుని ఆ పేరు ఒకసారి పలికి చూశాడు. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లను భోజనానికి రమ్మన్నట్టు, కొంచెం గట్టిగా.