అచ్చొచ్చిన కాటుక పెన్సిల్

ఫిలింనగర్‌లోని ఆ అద్దె బంగళాలో లైట్లన్నీ వెలిగినా, కొత్త నాయిక ప్రణతి మేకప్ గది దాటి రాలేదు. ఎడమ కంటి పైరెప్ప అంచున మినపగింజంత కురుపు ఎర్రగా లేచి, కన్ను సగం మూసుకుపోయింది. కన్నీటి క్లోజప్ ఈరోజే తీయాలి.

దర్శకుడు బసవపున్నయ్య అది దిష్టేనని తేల్చి ఉదయమే గుమ్మడికాయ కొట్టించాడు. కురుపు ఆ కాయను ఖాతరు చేయలేదు. ఇక సూదితో పొడిచి, చీము పిండి, మేకప్ దట్టంగా వేయమన్నాడు. ఆ పని మేకప్ చేసే మంజులతది.

మంజులత సూది ముట్టుకోలేదు. శ్రీనగర్ కాలనీలోని కళ్ల డాక్టరమ్మకు ఫోన్ చేసింది. రెప్పవెంట్రుకల కుదుళ్లలో సూక్ష్మజీవులు చేరితే ఇలా అవుతుందనీ, పిండితే చీము లోపలికి పాకవచ్చనీ ఆవిడ చెప్పింది. గోరువెచ్చని తడిగుడ్డతో పదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు కాపడం పెడితే వారం పదిరోజుల్లో చాలావరకు తగ్గుతుందట. వాపు పెరిగినా, చూపు మసకబారినా వెంటనే తీసుకురమ్మంది. చివరగా, ఇతరులకు వాడిన కాటుక ఈమెకు పెట్టారా అని అడిగింది.

పెట్టింది. ఒకప్పుడు బాగా ఆడిన చిత్రంలో వాడిన పెన్సిల్‌ను మంజులత ఆరేళ్లుగా పసుపుగుడ్డలో దాచి, ప్రతి కొత్త నాయికకూ తొలి షాట్‌కు దానితోనే కళ్లు దిద్దుతోంది. అదే కారణమని డాక్టరమ్మ అనలేదు, కాదనీ అనలేదు.

"ఇంకెంతసేపమ్మా? దిష్టి కురుపుకి ఇంత రాద్ధాంతమా?" గుమ్మంలోంచి అడిగాడు బసవపున్నయ్య.

"దిష్టి కాదు సార్. నా పెన్సిలే అయ్యుంటుంది."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ మాట బయట అనకు. నిన్ను పెట్టుకున్నదే ఆ పెన్సిల్ కోసం."

ప్రణతి మంజులత కొంగు పట్టుకుంది. "అక్కా, నా కన్ను పోదు కదా?"

"పిండనివ్వనులే."

మంజులత పెన్సిల్‌ను రెండుగా విరిచి చెత్తబుట్టలో వేసింది. ఫ్లాస్కులోని వేడినీళ్లకు చన్నీళ్లు కలిపి, మణికట్టు మీద వేడి చూసుకుని, శుభ్రమైన గుడ్డ ముంచి రెప్పపై ఉంచింది.

బసవపున్నయ్య లోపలికొచ్చి బుట్టలోని ముక్కల కోసం వంగాడు. మంజులత బుట్టను కాలితో బల్ల కిందకు తోసేసింది.

ఆయన లేచి ఆమెను ఒక్క క్షణం చూశాడు. తర్వాతి చిత్రానికి పిలుపు రాదని ఆమెకు ఆ చూపులోనే తెలిసింది. ఆయన బయటికి వెళ్లి, తండ్రి పాత్రధారి షాట్లు ముందు తీస్తామని కేకేశాడు.

గడియారం ప్రకారం కాపడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. చల్లారిన గుడ్డను మంజులత మళ్లీ నీళ్లలో ముంచింది.