చదవకూడని చీటీలు

శనివారం ఫ్యాక్టరీలో సగం రోజే పని. మిగతా సగం మరియతల్లికి. కుట్టుమిషను ముందు వంగిన నడుముతోనే ఆమె గుడికి వచ్చి, తల్లి విగ్రహానికి పట్టిన దుమ్ము తడిగుడ్డతో తుడుస్తుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస. "పుణ్యం చేసుకున్న చెయ్యమ్మా నీది" అంటారు ఫాదర్‌గారు. ఆ చెయ్యి తల్లి నుదుటి దాకా అందడానికి ఒక స్టూలు వేయించమని అడిగితే మాత్రం చూద్దాం అంటారు.

తుడవడం అయ్యాక ఇంకో పని ఉంది. తల్లి పాదాల దగ్గర విన్నపాల పెట్టె. జనం తమ కష్టాలు చీటీ మీద రాసి అందులో వేస్తారు. తల్లి వాటిని ప్రభువైన తన కొడుకు చెవిన వేస్తుందని నమ్మకం. వారానికోసారి ఆ చీటీలను మడత విప్పకుండా గుడి వెనక కాల్చేయాలి. చదవకూడదు. ఆమె ఎన్నడూ చదవలేదు. తను రాసినవీ అక్కడే కాలాయి, వారానికొకటి చొప్పున, ఎప్పుడూ ఒకే మాటతో: అమ్మా, ఆయన మనసు మార్చు.

ఆయన మనసు ఈ మధ్య మరీ బిగుసుకుపోయింది. కూతురికి వేరే ఊళ్ళో నర్సింగు సీటొచ్చింది. సోమవారంలోగా ఫారం ఇవ్వాలి. అత్తగారు పక్షవాతంతో మంచాన పడి ఎనిమిది నెలలు. "ఇది పోతే మా అమ్మనెవరు చూస్తారు? ఊరందరికీ సేవ చేయాలా? ఇంట్లో సేవ సరిపోవట్లేదా?" అన్నాడు. కూతురు తల్లి వైపు చూసింది. తల్లి అంట్లగిన్నెల వైపు చూసింది. మాట పడిపోకముందు అత్తగారు రోజుకోసారైనా అనేది, "మరియమ్మ ఎప్పుడైనా ఎదురు మాట్లాడిందా? చూసి నేర్చుకో." నేర్చుకుంది. పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి ఎదురు చెప్పింది. ఆ రోజు ఆయన కొట్టిన దెబ్బకి ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు.

ఈ శనివారం చీటీలు రేకుడబ్బాలో పోసి అగ్గిపుల్ల గీసింది. పైనున్న చీటీ మడత దానంతటదే విచ్చుకుంది. గళ్ళ కాగితం, గుండ్రటి అక్షరాలు, పొడుగ్గా లాగిన కొమ్ములు. ఆ చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించింది తనే. అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది.

"మరియమ్మా, నాన్న మారకపోయినా ఫరవాలేదు. మా అమ్మ ఒక్కసారి నోరు తెరిచేలా చూడు. సోమవారం లోపు."

అక్కడే గోడకి జారగిలబడి కూర్చుంది. ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. తను ఇన్నేళ్ళూ మొగుడి మనసు కోసం మొక్కుతుంటే, పిల్ల తన నోటి కోసం మొక్కుతోంది. పూజలో వందసార్లు విన్న ఆ పెళ్ళి సంగతి గుర్తొచ్చింది. పెళ్ళింట్లో ద్రాక్షారసం అయిపోయిందని కనిపెట్టి, ఎవరూ అడక్కుండానే కొడుకుతో చెప్పింది మరియతల్లి. నా వేళ ఇంకా రాలేదన్నాడాయన. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోలేదు. పనివాళ్ళని పిలిచి, ఆయన చెప్పినట్టు చేయండని పురమాయించింది. ఆ తల్లి నోరు విప్పాకే నీళ్ళు ద్రాక్షారసమై కొడుకు మొదటి అద్భుతం జరిగింది. అది చదివేటప్పుడల్లా అత్తగారు కునికిపాట్లు పడేది కాబోలు. కొడుకు దగ్గరికి మరియతల్లి చూపించే దారి ఇదే. లేనిది లేదని ఆయన ముందు నిలబడి చెప్పడం. ఇన్నాళ్ళూ తను ఆ దారి మొదట్లోనే కూర్చుని దుమ్ము తుడిచింది.

మిగతా చీటీలు కాల్చింది. ఆ ఒక్కటి జాకెట్లో దోపుకుంది.

ఇంట్లో ఫారం మూడు వారాలుగా ఫ్రిజ్ మీదే ఉంది. తీసి మొదటిసారి చదివింది. 'తల్లి లేదా తండ్రి సంతకం' అని ఉంది. ఆయన టీవీ చూస్తున్న గదిలోనే, ఆయన ఎదురుగానే సంతకం పెట్టింది. పక్కగదిలో నాయనమ్మ దుప్పటి మారుస్తున్న కూతురి చేతులు ఆగిపోయాయి.

"ఏంటది?"

"పిల్ల ఫారం. సోమవారం నేనే తీసుకెళ్ళి ఇస్తాను."

"మరి మా అమ్మ?"

"మీ అమ్మే కదా. పొద్దున మీరు చూడండి, సాయంత్రం నేను చూస్తాను."

కుర్చీ వెనక్కి పడింది. ఆయన లేచి మీదికొచ్చాడు. "ఎవరినడిగి పెట్టావే సంతకం?"

ఆమె జాకెట్లోని చీటీ మీద చెయ్యి వేసుకుంది. వెనక్కి జరగలేదు.

"పదకొండేళ్ళు ఆ తల్లిని నేనే అడిగానండీ," అంది. "ఈసారి నా పిల్ల నన్నడిగింది."